అడిలెయిడ్ సిరా

ఆస్ట్రేలియా దక్షిణ తీరాన అడిలెయిడ్ అనే అందమైన నగరం ఉన్నది. నగరం నడిబొడ్డు చుట్టూ తోటలే. అక్కడికి వెళ్ళినవారు ఆ తోటలనూ, టోరెన్స్ నదినీ చూసి వస్తారు. కాని ఆ ఊరికి మరొక విశేషం కూడా ఉన్నది. 1950లలో అక్కడి రక్షణశాఖ ప్రయోగశాలలో మెట్కాఫ్, రైట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక చిత్రమైన సిరా తయారుచేశారు.

తల దువ్విన దువ్వెన కాగితం ముక్కలను లాగటం మీరు చూసే ఉంటారు. అలాగే, విద్యుత్తుతో కనిపించని బొమ్మ ఏర్పరచి, దానికి పొడి అంటించే పద్ధతిని అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ 1938లో కనిపెట్టాడు. అయితే పొడి మరీ మెత్తనిదైతే గాలిలోకి లేస్తుంది. ముతకదైతే సన్నగీతలు రావు. అందుచేత అడిలెయిడ్ వారు రంగుపొడిని ద్రవంలో కలిపారు. నీటిలో కాదు సుమా! నీటిగుండా విద్యుత్తు జారిపోయి బొమ్మ చెరిగిపోతుంది. కిరసనాయిలు వంటి నూనె కావాలి.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. గ్లాసు నీళ్ళలో మట్టి కలిపి చూడండి, కాసేపటికి అడుక్కు దిగుతుంది. నూనెలో రంగూ అంతే. అందుకని ప్రతి రేణువుకూ జిగురు తొడుగు వేసి, అన్నిటికీ ఒకే జాతి విద్యుత్తు ఇస్తారు. అప్పుడవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ముద్దకట్టవు. వాటిని బొమ్మ దగ్గిరికి చేర్చేదీ ఆ విద్యుత్తే! కాని విద్యుత్తునిచ్చే మందు పప్పులో ఉప్పు లాంటిది. కాస్త ఎక్కువైతే నూనె తానే విద్యుత్తును మోయసాగుతుంది, బొమ్మ వెలవెలబోతుంది.

1993లో ఇజ్రాయెల్‌లోని ఇండిగో కంపెనీ ఇటువంటి సిరాతోనే రంగుల ముద్రణ యంత్రం తెచ్చింది. అందులో ఒక్కొక్క రేణువు మిల్లీమీటరులో వెయ్యోవంతో, రెండు వంతులో ఉంటుంది.