సరిహద్దు దాటిన పన్నెండో నంబరు

బర్నబీలో ఒక కమ్యూనిటీ సెంటర్‌కి క్రిస్టీన్ సింక్లెయిర్ పేరు పెట్టారు. శనివారం పొద్దున్నే పిల్లల్ని దింపడానికి వచ్చే మన తెలుగు అమ్మానాన్నలు ఆ బోర్డు కిందనుంచే లోపలికెళ్తారు. "ఎవరండీ ఈవిడ?" అని ఒకాయన్ని అడిగితే, "ఎవరో డబ్బున్నావిడ, భవనానికి విరాళం ఇచ్చి ఉంటుంది" అన్నారు.

ఆవిడ ఈ ఊరి పిల్లే. 1983లో ఇక్కడే పుట్టింది. 2000లో, పదహారేళ్ల వయసులో, పోర్చుగల్‌లో జరిగిన అల్గార్వ్ కప్‌లో తొలిసారి కెనడాకి ఆడింది. 2023 డిసెంబరులో తన పన్నెండో నంబరు కెనడా జెర్సీకి సెలవు చెప్పేనాటికి 331 మ్యాచ్‌లు, 190 గోల్స్. దేశం తరఫున ఇన్ని గోల్స్ ఆడవాళ్లలోనే కాదు, మగవాళ్లలోనూ ఎవరూ కొట్టలేదు. రొనాల్డో, మెస్సీ ఆ దరిదాపుల్లో కూడా లేరు.

ఈ మాట ఏ పాట్‌లక్‌లోనైనా అన్నామా, వెంటనే ఒక బాబాయి అందుకుంటాడు: "చిన్నా చితకా జట్ల మీద కొట్టినవేలే అమ్మా." అందులో కొంత నిజం లేకపోలేదు. అమెరికా క్రీడాకారిణి ఆబీ వాంబాక్ పేరిట ఉన్న 184 గోల్స్ రికార్డును ఆమె దాటింది సెయింట్ కిట్స్ అండ్ నెవిస్ అనే బుల్లి దీవుల జట్టు మీద. 2020 జనవరిలో టెక్సాస్‌లో జరిగిన ఆ మ్యాచ్‌ని కెనడా 11-0తో గెలిచింది. అలాంటి స్కోరు చూసి మురిసిపోవాల్సిన పనిలేదు.

కానీ ఆ బాబాయిలకు నేను 2012 ఆగస్టు 6 సంగతి చెబుతుంటాను. లండన్ ఒలింపిక్స్ సెమీఫైనల్, మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం. ఎదురుగా అమెరికా, అప్పటి ఒలింపిక్ విజేత. సింక్లెయిర్ మూడుసార్లు కెనడాని ఆధిక్యంలో నిలిపింది. మొదటిది కాలితో, మిగతా రెండూ తలతో. మొదటి రెండుసార్లూ అమెరికా క్రీడాకారిణి మేగన్ రపినో స్కోరు సమం చేసింది. వాటిలో ఒకటి కార్నర్ నుంచి నేరుగా నెట్‌లోకి వెళ్లిన బంతి. 3-2తో కెనడా ముందున్నప్పుడు రెఫరీ ఒక చిత్రమైన తీర్పు ఇచ్చింది. గోల్‌కీపర్ ఎరిన్ మెక్లియోడ్ బంతిని ఆరు సెకన్లకు మించి చేతిలో ఉంచుకుందట. ఆ నియమం అప్పట్లో పుస్తకంలో ఉన్నమాట నిజమే, కానీ దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. దానివల్ల వచ్చిన ఫ్రీ కిక్ ఒక కెనడా డిఫెండర్ చేతికి తగలడం, పెనాల్టీ, వాంబాక్ గోల్ చకచకా జరిగిపోయాయి. అదనపు సమయం కూడా ఇక ముగుస్తుందనగా అమెరికాకే చెందిన అలెక్స్ మోర్గన్ తలతో గోల్ కొట్టింది. 4-3, కెనడా ఓటమి.

మ్యాచ్ అయ్యాక రెఫరీ గురించి మనసులో మాట దాచుకోనందుకు సింక్లెయిర్‌ని ఫిఫా నాలుగు మ్యాచ్‌ల పాటు నిషేధించింది. అయితే ఆ ఒలింపిక్స్ నుంచి ఆమె కాంస్యంతోనే వచ్చింది. ఆరు గోల్స్‌తో టోర్నీలో అందరికన్నా ముందు నిలిచింది. ముగింపు వేడుకలో జెండా పట్టమని కెనడా ఆమెనే అడిగింది. హాకీ తప్ప మరో ఆట కళ్లకు ఆనని ఈ దేశం ఒక సాకర్ అమ్మాయి కోసం కోపం తెచ్చుకోవడం అదే మొదటిసారి కాబోలు.

కెరీర్ అంతా ఇలా వెలుగులోనే నడవలేదు. 2011 ప్రపంచ కప్ తొలి మ్యాచ్‌లో జర్మనీ మీద ఆడుతూ ముక్కు పగిలినా మైదానం వదల్లేదు, ఆ ముక్కుతోనే ఫ్రీ కిక్‌ని గోల్ చేసింది. ఆ టోర్నీలో కెనడాకి దక్కిన గోల్ అదొక్కటే. మూడు మ్యాచ్‌లూ ఓడి ఇంటికొచ్చారు.

ప్రవాసిగా నన్ను పట్టి లాగేది మాత్రం మరొకటి. దేశం తరఫున ప్రపంచంలోకెల్లా ఎక్కువ గోల్స్ కొట్టిన ఈ మనిషికి సొంత దేశంలో ఉద్యోగం ఉండేది కాదు! 2025 దాకా కెనడాలో మహిళలకు ప్రొఫెషనల్ సాకర్ లీగే లేదు మరి. చదువుకి పోర్ట్‌లాండ్ యూనివర్సిటీకి వెళ్లింది, జీతానికి ఆడిన క్లబ్బులన్నీ అమెరికావే. అక్కడైనా స్థిరంగా ఉందా అంటే అదీ లేదు. 2010లో ఎఫ్‌సీ గోల్డ్ ప్రైడ్‌తో లీగ్ గెలిచింది, గెలిచిన కొద్ది వారాలకే క్లబ్ మూతపడింది. మరుసటి ఏడు వెస్టర్న్ న్యూయార్క్ ఫ్లాష్‌తో మళ్లీ గెలిచింది, ఈసారి ఏకంగా లీగే మూతపడింది. ప్రాజెక్టు విజయవంతమైన నెలలోనే లేఆఫ్ ఉత్తరం అందుకున్న మనవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 2013 నుంచి 2024లో ఆట మానేదాకా పోర్ట్‌లాండ్ థార్న్స్‌తోనే ఉండి మూడు టైటిళ్లు అందుకుంది. ఇంటినుంచి కారులో ఐదారు గంటల దూరం, మధ్యలో సరిహద్దు. ఇటు బర్నబీలో తల్లికి మల్టిపుల్ స్క్లిరోసిస్ ఉండేది. అమ్మానాన్నలను వదిలి దూరాన పనిచేయడం ఎంత బరువో మనకు తెలుసు.

టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం దక్కింది కూడా ఒక ఆగస్టు 6నే, 2021లో. సెమీస్‌లో అమెరికా మీద పెనాల్టీ దొరికినప్పుడు ఈ గోల్స్ మహారాణి పంతానికి పోలేదు, బంతిని సహచరి జెస్సీ ఫ్లెమింగ్‌కి వదిలేసింది. కెనడా 1-0తో నెగ్గింది. ఫైనల్లో స్వీడన్ క్రీడాకారిణి సింక్లెయిర్‌ని పడదోసినందుకు వచ్చిన పెనాల్టీనీ ఫ్లెమింగే కొట్టింది. మ్యాచ్ షూటౌట్‌కి వెళ్లి కెనడా గెలిచినప్పుడు కెప్టెన్ సింక్లెయిర్ బెంచీ మీద ఉంది. నా మటుకు నాకు ఆ 190 కన్నా ఇదే గొప్పగా అనిపిస్తుంది.

స్వర్ణం తెచ్చినవాళ్లకు మర్యాద దక్కిందనుకునేరు. 2023 ఫిబ్రవరిలో జీతాలు, సదుపాయాల కోసం జట్టంతా సమ్మెకు దిగింది. కెనడా సాకర్ సమాఖ్య కోర్టు పేరుతో బెదిరిస్తే వెనక్కి తగ్గారు గానీ, తమ నిరసనను చొక్కాల మీద రాసుకుని మైదానంలోకి దిగారు. మార్చిలో సింక్లెయిర్ పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని ఫిర్యాదులన్నీ వినిపించింది. నిజానికి మాటల్లో పొదుపరి మనిషి ఆమె.

అదే ఏడాది ప్రపంచ కప్‌లో నైజీరియా మీద ఆమె పెనాల్టీని గోల్‌కీపర్ ఆపేసింది. అది పడి ఉంటే ఆరు ప్రపంచ కప్‌లలో గోల్ చేసిన మొదటి మనిషయ్యేది. అయిదుతోనే ఆగింది. డిసెంబరులో వాంకూవర్ బీసీ ప్లేస్‌లో వీడ్కోలు మ్యాచ్‌కి 48 వేల మందికి పైగా వచ్చారు. ఆ ఒక్క రాత్రికి స్టేడియం పేరే క్రిస్టీన్ సింక్లెయిర్ ప్లేస్.

ఇప్పుడు కెనడాకి సొంతంగా నార్తర్న్ సూపర్ లీగ్ ఉంది. దాన్ని నిలబెట్టింది సింక్లెయిర్ పాత సహచరి డయానా మాథెసన్. లీగ్‌లోని వాంకూవర్ రైజ్ క్లబ్బులో సింక్లెయిర్ భాగస్వామి. ఆ జట్టు మ్యాచ్‌లు మన బర్నబీలోనే, సెంట్రల్ పార్కు పక్కనున్న స్వాంగార్డ్ స్టేడియంలో జరుగుతాయి. ఈసారి పిల్లల్ని దింపేసి వెళ్లిపోకండి, ఒక మ్యాచ్‌కి తీసుకెళ్లండి. స్కైట్రెయిన్‌లో ప్యాటర్సన్ స్టేషన్‌లో దిగితే నడిచే దూరమే.