అమ్మ బొంత, నా రొట్టె

సినిమా పత్రికలో బొంత గురించి రాతలేమిటని పాఠకులు నొసలు చిట్లించకండి. మా ఇంటి బొంతలో అక్కినేని ఉన్నారు, వాణిశ్రీ ఉన్నారు, కమలహాసన్ కూడా ఉన్నాడు. ఎలాగంటారా? మనవి చేస్తాను.

2020 మార్చి. షూటింగులు ఆగిపోయాయి. థియేటర్లకు తాళాలు పడ్డాయి. తారల మీద నాలుగు ముక్కలు రాసుకుని బతికే నాలాంటి ఫ్రీలాన్సు విలేఖరికి హైదరాబాదులో ఇంకేం పని? రైళ్ళు ఆగకముందే విజయనగరంలో మా ఇంటికి వచ్చిపడ్డాను. రెండు పత్రికల నుంచి డబ్బు రావాలి. పేర్లెందుకు లెండి! పొద్దస్తమానం ఫోను చూసుకోవడం, నిట్టూర్చడం... అదీ నా దినచర్య.

ఓ మధ్యాహ్నం అమ్మ పిలిచింది.

"ఏట్రా బాబూ, ఆ ఫోనునలా గీకుతూ కూచున్నావు? ఇలా వచ్చి ఈ సూదిలో దారం ఎక్కించు. నా కళ్ళకి బెజ్జం ఆనట్లేదు."

వెళ్ళాను. వసారాలో నేలమీద బొంత పరిచి ఉంది. బొంత అంటే మన వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. పాత నూలుచీరలు ఉతికి, ఆరేసి, ఒకదానిమీద ఒకటి ముడత లేకుండా పరిచి, ముందు పొడుగు టాకాలు వేసి, ఆ తర్వాత అంచునుంచి లోపలికి వేలెడు దూరంలో వరసలు వరసలుగా కుట్టుకు రావడమే. కొత్తగుడ్డ పనికిరాదు. కట్టి కట్టి మెత్తబడ్డదే కావాలి.

అడుగు పొర అమ్మమ్మ చీర. 1971లో ‘ప్రేమనగర్’ చూసొచ్చి, వాణిశ్రీ కట్టినలాంటి చీర కావాలని అమ్మమ్మ అడిగిందట. తాతయ్య ‘సరే’ అని నేతచీర తెచ్చాడట! వారం రోజులు మాట్లాడలేదట గాని, ఆ చీర మాత్రం చిరిగేదాకా కట్టింది. పై పొర అమ్మది. 1986లో కొత్త పెళ్ళికూతురుగా, నాన్నతో ‘స్వాతిముత్యం’ చూడ్డానికి కట్టుకున్న చీర. కమలహాసన్ అమాయకత్వానికి తను ఏడుస్తుంటే నాన్న పక్కన నిద్రపోయాడని ఇప్పటికీ ఫిర్యాదే.

మధ్య పొర నాన్న పంచెలు. అక్కినేని వారికి పొందూరు ఖద్దరంటే ఎంత ఇష్టమో అభిమానులెరుగుదురు. నాన్న ఆయన వీరాభిమాని. మన శ్రీకాకుళం జిల్లాలోని ఆ పొందూరులో ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఒంటి కదురు రాట్నం మీద సన్నటి నూలు వడుకుతారు. నాన్న ఏడాదికొక్క పంచె కొని, పండగలకే కట్టేవాడు. ఆయన పోయి అప్పటికి మూడేళ్ళు.

దారం ఎక్కించిన చేత్తోనే సూదీ పట్టాను. మొదటి వరస పూర్తయ్యేసరికి వేలు పొక్కింది. నా కుట్లు చూసి అమ్మ నవ్వింది. "సాలూరు ఘాటు రోడ్డులా ఉన్నాయిరా!" అంది. ఫోనులో సుశీల పాటలు పెట్టేవాణ్ణి. మన విజయనగరం ఆడపడుచు కదా, అమ్మకు సొంత చెల్లెలు పాడుతున్నంత సంబరం. పాటకు మూరెడు చొప్పున సాగేది పని. నాకా, జానెడే!

అప్పట్లోనే లోకమంతా పుల్లరొట్టె పిచ్చి పట్టింది, గుర్తుందా? ఈస్టు దొరక్క, గోధుమపిండి నీళ్ళలో కలిపి పులియబెట్టి, రోజూ ఇంత పిండి ‘మేత’ వేసి, దాంతో సవర్‌డో అనే రొట్టె కాల్చి ఫోటోలు పెట్టేవాళ్ళు. నేనూ మొదలెట్టాను. అమ్మ సీసాలోకి తొంగిచూసి, వాసన పట్టి, "ఇదేటి వింత? మన తరవాణి కుండ సంగతే కదేటి!" అంది.

నిజమే మరి. చోడిపిండి రాత్రి నీళ్ళలో కలిపి, నిన్నటి పులుపు గరిటెడు పోసి, తెల్లారి నూకలతో ఉడికించి అంబలి కాయడం ఆవిడ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్న పనే. గాలిలో, పిండిలో ఉన్న కంటికి కనబడని జీవాలే ఇక్కడా అక్కడా పనిచేసేది. గోధుమలో జిగురుంది కాబట్టి రొట్టె పొంగుతుంది. చోళ్ళలో అది లేదు కాబట్టి అంబలి అయింది. అంతే తేడా.

నా రొట్టె మాత్రం పొంగలేదు. ఇటుకరాయి అయింది. కాకి కూడా ముట్టలేదు. బొంత ఎగరకుండా మూడు మూలలా మూడు రాళ్ళు పెట్టిన అమ్మ, నాలుగో మూల దాన్నే పెట్టింది!

జూలైలో అసలు పరీక్ష వచ్చింది. హైదరాబాదు గదికి నాలుగు నెలల అద్దె బాకీ. బొంత ఫోటో చూసిన స్నేహితుడొకడు, చేతికుట్టు బొంతలంటే పడిచచ్చే వాళ్ళున్నారనీ, మంచి ధర ఇప్పిస్తాననీ అన్నాడు. ఆ ధర నా రెండు నెలల రాతలకు సమానం. అమ్మతో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. సూది గుచ్చింది, లాగింది.

"అమ్మేయ్ బాబూ. నీ అవసరం కంటే ఎక్కువేటి? కాకపోతే మధ్యలో మీ నాన్న పంచె ఉంది. అదొక్కటీ నాకు తీసిచ్చి అమ్ము."

మధ్య పొర తీయాలంటే కుట్లన్నీ విప్పాలి. ఆవిడకి తెలుసు. నాకూ తెలుసు. సాయంత్రం స్నేహితుడికి ఫోన్ చేసి లేదని చెప్పాను. గది ఖాళీ చేశాను. పుస్తకాలు ఒక మిత్రుడి ఇంట్లో పడేశాను. ఆ ఏడాది బాధగానే గడిచింది, కాదనను. కాని మళ్ళీ సూది పట్టుకున్నప్పుడు, ఎన్నడూ లేనంత ఇష్టంగా కుట్టాను. పదం పదానికీ లెక్కగట్టే వృత్తిలో ఉన్నవాణ్ణి... ఎవరూ లెక్కగట్టని పని చేయడంలో ఇంత హాయి ఉంటుందని అప్పుడే తెలిసింది.

మర్నాటి ఏడు అమ్మ కళ్ళకు శుక్లాల ఆపరేషను జరిగింది. కట్టు విప్పాక ఇంటికొచ్చి ముందు బొంతే తెమ్మంది. కిటికీ దగ్గర కూర్చుని వరస వరసా తడిమి చూసింది.

"ఓరి గుంటడా! ఇంత వంకరగా కుట్టేవేట్రా?"

విప్పి మళ్ళీ కుడుతుందేమోనని గుండె దడదడలాడింది. ఆవిడ మడతపెట్టి, తన మంచం మీద వేసుకుంది.

థియేటర్లు తెరిచారు. నేను మళ్ళీ హైదరాబాదు చేరాను. ఏటా వేసవిలో పది రోజులు ఇంటికెళ్ళి కుట్టుపనిలో కూర్చుంటాను. మూడో బొంత నడుస్తోంది. రొట్టె ప్రయత్నం మాత్రం మానేశాను. అంబలి బాగానే కాస్తున్నానని అమ్మే ఒప్పుకుంది.

పాఠకులెవరైనా అటువైపు వస్తే బొంత చూడొచ్చు, అంబలి తాగొచ్చు. ధర మాత్రం అడక్కండి!