చిత్తూరు నుండి బిడది దాకా

రమజాను పండుగ ముగిసి మదరసా తిరిగి తెరిచేలోగా దొరికే కొద్ది రోజులే మా వంటి ఉపాధ్యాయులకు ఏడాదిలో కలిగే విశ్రాంతి. ఆ రోజుల్లో మేము సాధారణంగా బంధువుల ఇళ్ళకు వెళ్ళివస్తాము, లేదా ఇంటి మరమ్మతులు చూసుకుంటాము. ఈసారి మాత్రం మనవలిద్దరూ ముందుగానే మా వద్ద మాట తీసుకున్నారు. వారి బడిలోని పిల్లలంతా బిడదిలోని వండర్‌లా చూసివచ్చారట, తామిద్దరే మిగిలిపోయారట. "నానా, మీరు మాట ఇస్తే తప్పరు కదా!" అని పెద్ద మనవరాలు అన్నప్పుడు మాకు తప్పించుకునే దారి లేకపోయింది.

ఇటువంటి వినోద స్థలాలు దక్షిణాది వారికి ఇప్పుడు కొత్తవి కావు. చెన్నై తీరపు రోడ్డులో వి.జి.పి. పార్కు ఉంది. హైదరాబాదు సమీపాన 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీలో సితార, తార అనే హోటళ్ళు ఆవరణలోపలే ఉన్నాయి. వండర్‌లా వారు 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరుతో మొదలుపెట్టి, 2005లో బెంగుళూరు చెంత బిడదికి, 2016లో హైదరాబాదుకు విస్తరించారు. బిడది పార్కు ఆవరణలోనూ విడిది ఉంది, చుట్టుపక్కల వేరే హోటళ్ళూ ఉన్నాయి. బెంగుళూరు వారు ఉదయం వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరగలరు. చిత్తూరు నుండి వెళ్ళేవారికి, అందులోనూ పిల్లలతో, వృద్ధులతో వెళ్ళేవారికి రాత్రి బస తప్పదు. ఆ బసను మనమే నేరుగా మాట్లాడుకోవాలా, ట్రావెల్ ఏజెంటు ద్వారా తీసుకోవాలా అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. చూడడానికి ఇది నాలుగు డబ్బుల వ్యవహారం. అది మమ్మల్ని ఎంతగా పరీక్షించిందో పాఠకులకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా తమ్ముడు తిరుపతిలో చిన్న వ్యాపారం చేసుకుంటాడు. అమ్మ అతని వద్దే ఉంటుంది. రెండు కుటుంబాలూ కలిసి వెళ్ళాలని నిశ్చయమైంది. తిరుపతి వాసులకు నేరుగానా, మధ్యవర్తి ద్వారానా అన్నది నిత్యం వినే మాట. కొండపై గదులైనా, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ టికెట్లైనా తమ వెబ్‌సైటులోనే తీసుకోవాలని, దళారులను నమ్మి మోసపోవద్దని దేవస్థానం వారు ఏళ్ళ తరబడి ప్రకటిస్తూనే ఉన్నారు. దూరప్రాంతాల నుండి వచ్చిన హిందూ సోదరులు దళారుల చేతిలో డబ్బు పోగొట్టుకుని బస్టాండులో దిగాలుగా కూర్చోవడం తమ్ముడు తన కళ్ళతో చూసినవాడు. అయినప్పటికీ అతడు బిడది ప్రయాణానికి ఒక ట్రావెల్ ఏజెంటునే ఆశ్రయించాడు. ఆ ఏజెంటు ఒకప్పుడు మా వద్ద నాలుగేళ్ళు చదువుకున్న కుర్రవాడు కావడమే అందుకు కారణం.

అమ్మను చూడడానికి తిరుపతి వెళ్ళినప్పుడు తమ్ముడితో పాటు ఆ దుకాణానికి వెళ్ళాము. కుర్రవాడు లేచి సలాము చేసి, తన కుర్చీ మాకిచ్చి, తాను నిలబడే మాట్లాడాడు. ఎన్ని గంటలకు బయలుదేరుతారు, ఎప్పుడు చేరతారు, అమ్మగారు మెట్లు ఎక్కగలరా అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాడు. గదికి రోజుకు 4,800 రూపాయలని, అది హోటలు వారు పెట్టిన ధరేనని చెప్పాడు. మా కుమార్తె అక్కడే కూర్చుని ఫోనులో ఆ హోటలు వెబ్‌సైటు తెరిచింది. అదే గది 4,200 రూపాయలు!

అప్పుడు మేమన్న మాట ఈనాటికీ మమ్మల్ని బాధిస్తుంది. "హోటలు వాడికీ మనకూ నడుమ తినేవాడొకడు దేనికి? ఇదొక దళారీ బతుకు!" అన్నాము. దుకాణంలో మరో ఇద్దరు గిరాకీదారులున్నారు. కుర్రవాడు తల దించుకుని, "సరే హజ్రత్" అని మాత్రం అన్నాడు. తమ్ముడు మొహమాటంతో అతని వద్దే రెండు గదులు తీసుకున్నాడు. మేము మా కుమార్తె ఫోను ద్వారా నేరుగా రెండు గదులు తీసుకుని, రోజుకు 1,200 రూపాయలు మిగిలాయని సంతోషించాము.

సోమవారం ఇషా నమాజు ముగించుకుని రెండు కార్లలో చిత్తూరు నుండి బయలుదేరాము. మొగిలి కనుమ ఎక్కి పలమనేరు చేరేసరికి గాలి చల్లబడింది. ఈ దారికి పాత చరిత్ర ఉంది. 1782 డిసెంబరులో హైదర్ అలీ కన్నుమూసింది మా చిత్తూరు చెంతనున్న నరసింగరాయనిపేట శిబిరంలోనే. టిప్పు అప్పుడు మలబారు వైపు యుద్ధంలో ఉన్నాడు. అతడు వచ్చేదాకా పూర్ణయ్య మొదలైన అధికారులు మరణవార్తను గోప్యంగా ఉంచి, సైన్యాన్నీ ఖజానానూ కాపాడి, వారసునికి అప్పగించారు. ఒకరి సొత్తును చేతిలో పెట్టుకుని దానిని హక్కుదారునికి చేర్చడమే కదా అమానతు! ముళబాగిలు, కోలారు దాటుతూ ఈ సంగతి అల్లునికి చెప్పుకుంటూ వెళ్ళాము. మరికొన్ని గంటల్లో ఆ పాఠం మాకే అక్కరకు వస్తుందని ఊహించలేదు.

బిడది చేరేసరికి రాత్రి ఒంటిగంట. తమ్ముడు తన పేరు చెప్పగానే రెండు గదుల తాళాలు ఇచ్చారు. మా పేరు చెబితే కౌంటరులోని యువకుడు కంప్యూటరు చూసి, "మీ గదులు మంగళవారానికి ఉన్నాయండీ. మధ్యాహ్నం నుండి ఇస్తాము" అన్నాడు. తప్పు మాదే. రాత్రి పన్నెండు దాటాక చేరతాము కనుక అది మంగళవారమే అవుతుందని లెక్కవేసి, ఆ తేదీకే గదులు తీసుకున్నాము. హోటళ్ళ లెక్కలో ఆ రాత్రి సోమవారానిది. దుకాణంలో ఆ కుర్రవాడు ఎప్పుడు చేరతారని ఎందుకు అడిగాడో అప్పుడు బోధపడింది. తమ్ముని గదులు అతడు సోమవారం నుండే తీసుకున్నాడు.

హోటలులో మరో గది ఖాళీ లేదు. ఒక్కో గదిలో ముగ్గురికి మించి ఉండరాదన్నారు. మనవలు మా భుజాల మీద నిద్రపోతున్నారు. మోకాళ్ళ నొప్పితో మా ఇంటావిడ కౌంటరు ఎదుటి బల్లమీద కూర్చుండిపోయింది. తమ్ముడు మాతో చెప్పకుండా పక్కకు వెళ్ళి ఆ కుర్రవాడికి ఫోను చేశాడు. అర్ధరాత్రి దాటిన ఆ వేళ అతడు లేచి, ఎవరెవరికో ఫోను చేసి, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక లాడ్జిలో రెండు గదులు కుదిర్చాడు. 2,000 రూపాయలు అక్కడే లాడ్జి వారికి చెల్లించాము. రెండున్నరకు పడకలు చేరాక అతని నుండి మా ఫోనుకు సందేశం వచ్చింది. "హజ్రత్, పిల్లలు పడుకున్నారా? కిబ్లా దిశ గది కిటికీ వైపట, అడిగి తెలుసుకున్నాను." దానికి ఏమని బదులివ్వాలో మాకు తోచలేదు. ఫజ్రు దాకా నిద్ర పట్టలేదు.

మరునాడు పార్కులో పిల్లల ఆనందం చెప్పనలవి కాదు. అయితే ద్వారం వద్దనే మరో సంగతి తెలిసింది. అక్కడ పిల్లల టికెట్టును వయసుతో కాక ఎత్తుతో నిర్ణయిస్తారు. తమ్ముని చిన్నకుమారునికి పదకొండేళ్ళు నిండినా, కొలత కర్ర దగ్గర నిలబెట్టి చూస్తే పిల్లల టికెట్టే సరిపోయేది. ఏజెంటు పెద్దల టికెట్టు కొన్నాడు. చేరే వేళ గురించి అడిగినవాడు పిల్లవాని ఎత్తు అడగలేదు. మేలు చేసినవాడే నష్టమూ కలిగించాడు. అతడు మంచివాడా, మోసగాడా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం దొరకదని మాకప్పుడు తెలిసివచ్చింది.

తిరిగి వచ్చిన నాలుగో రోజున తిరుపతి వెళ్ళి ఆ దుకాణం మెట్లెక్కాము. పదిమంది ఎదుట అన్న మాటకు క్షమాపణ చాటుగా చెబితే చాలదు. ఇద్దరు గిరాకీదారులు కూర్చుని ఉండగానే, "బేటా, ఆనాడు నీ జీవనోపాధిని అవమానించాము. మమ్మల్ని మన్నించు" అన్నాము. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. తరువాత మేమే టికెట్టు సంగతి ఎత్తాము. తన పొరపాటేనని ఒప్పుకుని తేడా డబ్బు వెంటనే తమ్మునికి పంపాడు. అంతటితో ఆగక తన లెక్కల పుస్తకం మా ముందు పెట్టాడు. గదికి 4,800 తీసుకున్నాడు. హోటలు ధర 4,200. పైగా హోటలు వారు అతనికి వేరుగా కమీషను కూడా ఇచ్చారు. "హజ్రత్, ఇందులో నాకు ఏది హలాల్? ఇన్నేళ్ళలో ఎవరినీ అడగడానికి ధైర్యం చాలలేదు" అన్నాడు.

మేము గురువుల వద్ద నేర్చుకున్నంత మేరకు అతనికి చెప్పినది ఇక్కడ క్లుప్తంగా రాస్తున్నాము.

మధ్యవర్తిత్వం స్వయంగా నిషిద్ధం కాదు. ఇమామ్ బుఖారీ (రహ్) తమ హదీసు గ్రంథంలో దళారీ వేతనానికి ఒక అధ్యాయమే కేటాయించి, దానిలో దోషం లేదన్న తాబయీ పండితుల అభిప్రాయాలను పేర్కొన్నారు. మదీనా బజారులో దళారులని పిలువబడుతున్న వారిని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) అంతకంటే గౌరవప్రదమైన 'వర్తకులు' అన్న పేరుతో సంబోధించారని ఖైస్ బిన్ అబీ గరజహ్ (రజి) తెలిపారు. ఆ సంబోధన మాకు తెలిసినదే, పాఠం చెప్పినదే. అయినా దుకాణంలో మా నోటి నుండి వచ్చింది మాత్రం పాత పేరే!

అయితే ఏజెంటు తానెవరో మొదట తేల్చుకోవాలి. గిరాకీదారుని తరఫున పనిచేసేవాడైతే అతడు వకీలు, అంటే ప్రతినిధి. ఉర్వా బారిఖీ (రజి) వృత్తాంతం ఇందుకు దీపం వంటిది. దైవప్రవక్త (స) ఒక గొర్రెను కొనమని ఆయనకు ఒక దీనారు ఇచ్చారు. ఆయన దానితో రెండు గొర్రెలు కొని, ఒకదానిని దీనారుకు అమ్మి, గొర్రెనూ దీనారునూ రెండింటినీ తెచ్చి సమర్పించారు. ప్రతినిధి తన నేర్పుతో సాధించిన లాభం కూడా పంపినవారిదే. అతనికి రావలసింది ముందుగా తెలియజెప్పి ఒప్పుకున్న ప్రతిఫలం. హోటలు నుండి వచ్చే కమీషను కూడా గిరాకీదారునికి తెలిసి, అతడు సమ్మతిస్తేనే నిష్కళంకం.

అలా కాక, గదులను ముందుగా తన డబ్బుతో తీసుకుని, అమ్ముడుపోకపోతే నష్టం తానే భరించేవాడు వర్తకుడు. అతడు తన ధర తాను పెట్టుకోవచ్చు. కానీ తన చేతిలో లేని గదిని ఉన్నట్లు అమ్మరాదు, తన ధరను హోటలు ధరగా చెప్పరాదు. మా శిష్యుని దోషం ఇక్కడే ఉంది. 600 రూపాయలు తీసుకోవడంలో లేదు, "హోటలు ధరే ఇంత" అన్న మాటలో ఉంది. మన దేశ చట్టం కూడా ఈ దారినే నడుస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 216వ సెక్షను ప్రకారం, ఏజెంటు యజమానికి తెలియకుండా ఆ వ్యవహారాన్ని తన సొంతానికి నడుపుకుంటే, దాని వల్ల కలిగిన లాభాన్ని యజమాని కోరవచ్చు.

తమ్ముడు ఆ సొమ్ములో సగం సంతోషంగా అతని శ్రమకే వదిలివేశాడు. మిగిలినది అతడు పట్టుబట్టి తిరిగి ఇచ్చాడు.

పాఠక సోదర సోదరీమణులు ప్రయాణానికి ముందు కొన్ని విషయాలు గమనించాలని మా మనవి. ఒకే చోట, ఒకటి రెండు గదులు, తేదీలు ఖరారు అయితే నేరుగా తీసుకోవడమే చవక. అయితే అక్కడ పొరపాటు జరిగితే భరించవలసింది మనమే. అర్ధరాత్రి దాటి చేరేవారు ముందు రోజు తేదీకే గది తీసుకోవాలి. రద్దు చేస్తే డబ్బు తిరిగి రాని తక్కువ ధర గదులుంటాయి, ఆ షరతు చదివిన తరువాతే చెల్లించాలి. హలాల్ భోజనం, నమాజు స్థలం, ఒక గదిలో ఎందరుండవచ్చు అన్నవి వెబ్‌సైటులో కనబడకపోతే హోటలుకు ఫోను చేసి అడగాలి. వృద్ధులు, పెద్ద బృందం, అనేక చోట్ల బస ఉన్నప్పుడు నమ్మకమైన ఏజెంటు ఖర్చు వృథా కాదు. అతనిని సిగ్గుపడక అడగవలసినది, "ఇందులో హోటలు ధర ఎంత, నీ ప్రతిఫలం ఎంత?" అన్న ఒక్క ప్రశ్న. గది, భోజనం, టికెట్లు విడివిడిగా రాసిన రసీదు తీసుకోవాలి, మన పేరుతో గది ఉన్నదో లేదో బయలుదేరే ముందే హోటలుకు ఫోను చేసి నిర్ధారించుకోవాలి. అన్యాయం జరిగితే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు చేసుకునే వీలుంది, హోటలున్న ఊరికి తిరగనక్కరలేదు.

బక్రీదుకు తమ్ముని ఇంటికి వెళ్ళినప్పుడు ఆ కుర్రవాడు తన కొత్త రసీదు పుస్తకం తెచ్చి చూపాడు. ప్రతి కాగితం మీదా హోటలు ధరకు ఒక గడి, తన సేవా రుసుముకు మరో గడి ముద్రించి ఉన్నాయి. కొందరు గిరాకీదారులు ఆ రెండో గడి చూసి వెనుదిరిగిపోతున్నారని నవ్వుతూనే చెప్పాడు, కానీ ఆ నవ్వులో దిగులు కూడా ఉంది. వచ్చే సెలవులకు మనవలు శ్రీరంగపట్నం చూస్తామంటున్నారు. గదులు కుదర్చమని అక్కడే అతనికి చెప్పాము. రెండో గడిలో అతడు రాసిన అంకెను బేరమాడకుండా చెల్లించి వచ్చాము. అతని సంపాదనలో, మన ప్రయాణాలలో అల్లాహ్ శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.