గవ్వల లెక్క

అష్టాచెమ్మా ఆడని ఇల్లు మా వీధిలో లేదు. మా పక్కింటి కన్నడవాళ్లు దాన్నే చౌకాబారా అంటారు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. చెమ్మా పడనివాళ్లను "నీ చెయ్యి మంచిది కాదు" అనడం కూడా ఆటలో మామూలే. ఈ ఏడాది ద్విపద విభాజనం పాఠాన్ని మా లెక్కల సార్ ఆ గవ్వలతోనే చెప్పారు.

"నాణేనికి బొమ్మ, బొరుసు సగం సగం అంటాం. గవ్వకూ సగమేనని ఎవరు చెప్పారు?" అని అడిగారు సార్. గవ్వకు ఒకవైపు గుండ్రటి వీపు, ఇంకోవైపు చదునైన నోరు. అందుకని ముందు కొలిచాం. ఒకేలాంటి గవ్వలు ఏరి, ఒక్కొక్కటిగా మొత్తం 200 సార్లు వేస్తే 80 సార్లు వెల్లకిలా పడ్డాయి. అంటే వెల్లకిలా పడే సంభావ్యత 0.4, బోర్లా పడేది 0.6.

తర్వాత లెక్క. ఒక గవ్వ ఎలా పడిందన్నది ఇంకో గవ్వను మార్చదు కాబట్టి గుణించవచ్చు. చెమ్మాకు 0.4ను నాలుగుసార్లు గుణిస్తే 0.0256. అష్టాకు 0.6ను అలాగే గుణిస్తే 0.1296. సరిగ్గా రెండే వెల్లకిలా పడాలంటే, ఆ రెండూ ఏవన్నది 6 రకాలు. కాబట్టి 6 × 0.16 × 0.36 = 0.3456.

ఇక ఐదు జట్లుగా కూర్చుని, జట్టుకు 40 చొప్పున 200 సార్లు నాలుగేసి గవ్వలు వేశాం. లెక్క ప్రకారం చెమ్మాలు 5, అష్టాలు 26 రావాలి. మాకు 6, 24 వచ్చాయి. రెండు పడడం 69 సార్లు రావాల్సింది, 66 సార్లు వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం.

మా జట్టుకు మాత్రం ఒక్క చెమ్మా కూడా పడలేదు. గవ్వలు వేసిన అమ్మాయిని అందరూ ఆటపట్టించారు. ఆమె చిన్నబోయి, "ఇంట్లో కూడా ఇలాగే అంటారు, నన్ను ఆటకే పిలవరు" అంది.

సార్ ఏమీ అనలేదు. ఒకటిలోంచి 0.0256 తీసేసి, మిగిలిన 0.9744ను 40 సార్లు గుణించమన్నారు. సుమారు 0.35 వచ్చింది. అంటే 40 సార్లు వేసే వంద మందిలో దాదాపు 35 మందికి చెమ్మా పడదు. ఐదు జట్లలో ఒకటో రెండో అలా మిగిలిపోవడం మామూలే! గవ్వలు ఎవరు వేశారన్నది ఆ లెక్కలో ఎక్కడా లేదు. ఆటపట్టించినవాళ్లే ఆ గుణకారం రెండుసార్లు సరిచూశారు.

మీరూ ఇంట్లో చేసి చూడండి. గవ్వలు లేకపోతే ఒకవైపు అరగదీసిన చింతగింజలు చాలు. సగమని అనుకోకుండా ముందు కొలవండి. చెమ్మా పడనివాళ్లు ఉంటే, వాళ్లతోనే ఈ లెక్క వేయించండి.