కానుగ గింజల ఊరు

కానుగ చెట్టును చూడని తెలుగువారు అరుదు. వాగుల ఒడ్డునా, రోడ్ల పక్కనా అది దట్టమైన నీడనిస్తూ ఉంటుంది. దాని పుల్లతో పళ్లు తోముకునేవారున్నారు. ఆకులు పొలంలో వేసి తొక్కితే మంచి ఎరువు. పూర్వం దాని గింజలను గానుగలో ఆడించి, ఆ నూనెతో దీపాలు వెలిగించుకునేవారు. నూనె చేదుగా ఉంటుంది గనక వంటకు పనికిరాదు. కిరసనాయిలు వచ్చాక కానుగ దీపాలు మూలపడ్డాయి. చాలాచోట్ల గింజలు ఏరేవారు లేక చెట్టు కిందనే పడి ఉండేవి.

అలాంటి గింజలను ఏరి, నూనె తీసి, దేశదేశాలలో పేరు తెచ్చుకున్న పల్లె ఒకటి ఉన్నది. అక్కడికి వెళ్లివద్దాం.

తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఉన్నది. 2016కు ముందు అది ఆదిలాబాద్ జిల్లాలో భాగం. ఆసిఫాబాదు నుంచి పడమరగా బయలుదేరితే కెరమెరి వస్తుంది. చుట్టూ కొండలు, టేకు అడవులు. గోండు వీరుడు కుమురం భీము తన జనం కోసం పోరాడి, 1940లో ప్రాణాలు విడిచిన జోడేఘాట్ ఈ కొండలలోనే ఉన్నది.

ఈ కెరమెరి మండలంలోని ఒక ఆదివాసీ పల్లెలో 2001లో ఒక వింత జరిగింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేసే ఉడిపి శ్రీనివాస అనే ఆచార్యుడు కానుగ నూనెను ఇంజన్లలో వాడవచ్చునని చూపుతూ వచ్చాడు. ఆయన ప్రోత్సాహంతో ఆ పల్లెలో జనరేటరును డీజిల్‌కు బదులు కానుగ నూనెతో నడిపి, ఇళ్లలో విద్యుద్దీపాలు వెలిగించారు.

నిజానికి ఇది వింత కాదు. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే సాధనమేదీ ఉండదు. గాలిని బాగా నొక్కినప్పుడు అది భగ్గున వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి నూనెను తుంపరలుగా చిమ్మితే అదే అంటుకుంటుంది. నూనె భూమిలోదైనా, చెట్టుదైనా ఇంజనుకు ఒకటే. 1900లో పారిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఇలాంటి ఇంజనును వేరుసెనగ నూనెతో నడిపి చూపారు. ఒక చిక్కు మాత్రం ఉన్నది. కానుగ నూనె డీజిల్ కన్నా ఇంచుమించు పది రెట్లు చిక్కన. అందుచేత దానిని వేడిచేసి పలచబరచాలి. లేదా మిథనాలుతో, కాస్టిక్ సోడాతో కలిపి శుద్ధి చెయ్యాలి. అప్పుడు గ్లిసరిన్ అడుగుకు దిగి, పలచని బయోడీజిల్ పైకి తేలుతుంది.

కెరమెరి దాటి ముందుకు పోతే జైనూరు మండలం వస్తుంది. అందులోని చిన్న గోండు పల్లె పవర్‌గూడ. మనం వెతికివచ్చిన ఊరు ఇదే. ఇక్కడి స్త్రీలు సంఘాలుగా ఏర్పడి, కానుగ గింజలు ఏరారు, కానుగ మొక్కలు పెంచారు, నూనె తీసే యంత్రాన్ని నడిపారు. యంత్రంలో సుమారు నాలుగు కిలోల గింజలు పోస్తే ఒక కిలో నూనె వస్తుంది. మిగిలిన చెక్క పొలాలకు ఎరువు.

2003లో ఈ స్త్రీలు ఎవరూ వినని ఒక బేరం చేశారు. అమ్మినది నూనె కాదు, గింజలూ కాదు. గాలిలో కలవకుండా ఆపిన బొగ్గుపులుసు గాలిని, అంటే కార్బన్ డయాక్సైడును అమ్మారు! కొన్నది ప్రపంచ బ్యాంకు.

గాలిని అమ్మడమేమిటి? కానుగ నూనె కాల్చినా ఆ వాయువు వస్తుంది కదా? వస్తుంది. అయితే ఆ వాయువు చెట్టు కొద్ది కాలం కిందట గాలిలోంచి తీసుకున్నదే. ఆకులు దానిని పీల్చి, ఎండ సాయంతో గింజలో నూనెగా దాచాయి. మనం కాల్చితే అది గాలిలోకి తిరిగిపోతుంది. మళ్లీ చెట్టు పీల్చుకుంటుంది. డీజిల్ సంగతి వేరు. అది కోట్ల ఏళ్లుగా భూమి లోపల ఉన్నది. దానిని కాల్చితే గాలిలోకి కొత్త భారం చేరుతుంది. భూమి వేడెక్కడానికి ముఖ్య కారణం ఇదే.

పదేళ్లలో పవర్‌గూడ 51 టన్నుల కానుగ నూనె తీయగలదనీ, అంత డీజిల్ వాడకం తప్పితే 147 టన్నుల బొగ్గుపులుసు గాలి తగ్గుతుందనీ లెక్క వేశారు. ఆ లెక్కకు 645 డాలర్లు ముట్టాయి. అప్పటి మారకంలో 29 వేల రూపాయల పైమాట.

అయితే ఇక దేశమంతా కానుగ నూనెతోనే నడపవచ్చునా? లెక్క చేసి చూద్దాం. పదేళ్లకు 51 టన్నులంటే ఏడాదికి ఇంచుమించు 5 టన్నులు. మన దేశంలో 2023–24లో వాడిన డీజిల్ దాదాపు 9 కోట్ల టన్నులు. దానికి బదులు కానుగ నూనె కావాలంటే పవర్‌గూడ వంటి పల్లెలు ఒక కోటీ 80 లక్షలు ఉండాలి. దేశంలో ఉన్న గ్రామాలన్నీ కలిపినా ఏడు లక్షలు లేవు.

పోనీ, పొలాలన్నిటా నూనె చెట్లు నాటుదామా? అప్పుడు తిండి గింజలు ఎక్కడ పండించాలి? 2003 ప్రాంతంలో బీడు భూములలో జట్రోఫా అనే అడవి ఆముదం విరివిగా నాటి, దాని నూనెతో బళ్లు నడపాలని మన దేశం సంకల్పించింది. బీడు నేలలో, నీరు లేనిచోట ఆ మొక్క అనుకున్నంత కాపు ఇవ్వలేదు. చెట్టుకు ప్రాణం పోయకపోవడం వేరు, విరగకాయడం వేరు.

కనక చెట్టు నూనె ఒక్కటే మనను గట్టెక్కించదు. ఎండతో, గాలితో పుట్టే విద్యుత్తు కావాలి. ఇంధనం వృథా చెయ్యడం మానాలి. కాని గట్ల మీదా, వాగుల పక్కనా ఉన్న చెట్ల గింజలు ఏరితే తిండికి లోటు రాదు. ఒక పల్లె తన పంపును, తన దీపాలను వాటితో నడుపుకోవచ్చు. డీజిల్‌కు పెట్టే డబ్బు ఆ ఊళ్లోనే, గింజలు ఏరిన చేతుల్లోనే ఉంటుంది. పవర్‌గూడ స్త్రీలు చూపినది ఇదే.

వేసవి ముందు కానుగ కాయలు ముదురుతాయి. మీ వీధిలో చెట్టుంటే ఒక కాయ పగలగొట్టి చూడండి. లోపల సాధారణంగా ఒకటే గింజ ఉంటుంది. దానిని నలిపి తెల్ల కాగితం మీద రుద్ది, వెలుతురుకు ఎదురుగా పట్టండి. కాగితం మీద నూనె మరక మెరుస్తుంది. గింజను మాత్రం నోట పెట్టకండి. చేతులు కడుక్కోవడం మరవకండి.