పింజారి తీగ

"మీరు తెలుగు భలే మాట్లాడతారే!"

ఈ మెచ్చుకోలు వినీ వినీ మాకు చెవులు కాయలు కాశాయి. మా అమ్మ నన్ను జోకొట్టింది తెలుగులో. తిట్టింది తెలుగులో. అయినా పేరు చెప్పిన మరుక్షణం నా నోట్లోని భాష నాకు అరువు సొమ్మైపోతుంది. పోనీ అని ఉర్దూ మాట్లాడే సాయిబుల ఇళ్లకు పోతే అక్కడ ఇంకో మాట. "ఉర్దూ నై ఆతీ? కైసే ముసల్మాన్ హో?" అంటారు. వీళ్లకు మేం తురకలం. వాళ్లకు మేం సగం తురకలం. సర్కారు కాగితాల్లో బి.సి.-బి దూదేకుల. నోటికొచ్చినట్టు తిట్టేవాడికి పింజారి. దూది ఏకి నలుగురికీ పరుపులు కుట్టిపెట్టిన పనివాడి పేరు ఈ భాషలో తిట్టుగా ఎట్లా మారిందో ఏ నిఘంటువూ సిగ్గుపడి చెప్పదు.

ఒక ఇంగ్లీషు పాటల ఆల్బం గురించి రాస్తూ ఈ గోడు ఎందుకంటారా? ఆ ఆల్బం నా చెవిన పడిన దారి ఇదే కాబట్టి.

నేను చిక్కడపల్లికి వచ్చింది 1993లో, సర్వీస్ కమిషన్ పరీక్షలకు చదవడానికి. చిన్న ఉద్యోగం దొరికింది, ఇక్కడే ఉండిపోయాను. అశోక్‌నగర్, నారాయణగూడ, దోమలగూడ, లోయర్ ట్యాంక్ బండ్, ఇదే నా ప్రపంచం. త్యాగరాయ గానసభలో కచేరీలు ఊరికే విన్నాను. క్రాస్ రోడ్స్‌లో మార్నింగ్ షోలు చూశాను. గ్రంథాలయం ఆవరణలో గైడ్లు ముందేసుకుని కూచున్న పిల్లల్ని ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. ముఖాలు మారతాయి, ఆకలి మారదు. కట్టకు అవతల నీళ్లు. 1560ల్లో కట్టిన ఆ చెరువుకు హుస్సేన్ షా వలీ అనే సూఫీ పేరు. ఆ పేరుతో ఊరికి ఏ పేచీ లేదు. అట్లాంటి పేరే ఉన్న మనిషి అద్దెకు గది అడిగితేనే పేచీ.

మా అన్న కొడుకు కూడా గ్రూప్స్ కోచింగ్ కోసమే అశోక్‌నగర్ వచ్చాడు. ఫోన్లో "గది ఉంది, రండి" అన్న ఇంటాయన, వీడు పోయి పేరు చెప్పగానే "మా బంధువులకు ఇచ్చేశాం బాబూ" అన్నాడు. ఒకచోట కాదు, నాలుగుచోట్ల. ఐదోచోట వీడు పేరు మార్చి చెప్పాడు. గది దొరికింది. అద్దె ఒప్పందానికి ఆధార్ కార్డు అడిగారు. గది పోయింది. ఆ రాత్రి నా దగ్గరే పడుకున్నాడు. చెవుల్లో ఏదో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఏం వింటున్నావురా?" అన్నాను.

ఒక తీగ నా చెవిలో పెట్టాడు. "విను చిన్నాయనా. దీంట్లో ఊరు లేదు, కులం లేదు, మతం లేదు. నీ పేరేమబ్బా అని ఎవరూ అడగరు. అంతా ఆకాశమే."

అది 'సోనిక్ ప్రెయిజ్'. అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన ఎక్‌స్టాటిక్ విజన్ అనే ముగ్గురి బృందం 2015లో తెచ్చిన తొలి ఆల్బం. రిలాప్స్ అనే కంపెనీ విడుదల చేసింది. గిటార్ వాయించి పాడే డగ్ సబొలిక్ అంతకుముందు ఎ లైఫ్ వన్స్ లాస్ట్ అనే మెటల్ బృందంలో పనిచేసినవాడు. ఇందులో పాటలు ఐదే. మొదటిదాని పేరు 'జర్నీ', ప్రయాణం. చాలాసేపు సాగుతుంది. ఒకే బరువైన తీగవరస మళ్లీ మళ్లీ, మళ్లీ మళ్లీ వస్తుంది. దాని మీద డప్పుల దరువు, ఎక్కడో దూరంగా గాలిలో కేకలా గొంతు. మాటలు సరిగ్గా వినబడవు. వినబడాలని వాళ్లూ అనుకున్నట్టు లేదు.

దీన్ని స్పేస్ రాక్ అంటారు. ఈ దారిని గట్టిగా తొక్కింది లండన్‌లో 1969లో పుట్టిన హాక్‌విండ్. 1970లో వాళ్ల తొలి ఆల్బం, 1973లో 'స్పేస్ రిచువల్' అనే జంట రికార్డు వచ్చాయి. అదే కాలంలో జర్మనీలో కాన్, నోయ్!, ఆమన్ డ్యూల్ లాంటి బృందాలు లేచాయి. వాళ్ల సంగతి నాకు మరీ దగ్గరగా తోస్తుంది. హిట్లర్ కాలపు తండ్రుల పాట పాడలేరు. గెలిచిన అమెరికావాడి పాటను అట్లాగే వల్లించలేరు. రెంటికీ చెందని శబ్దం ఒకటి వెతుక్కున్నారు. బ్రిటిష్ పత్రికలు దానికి 'క్రౌట్‌రాక్' అని పేరు పెట్టాయి. క్రౌట్ అంటే పులియబెట్టిన క్యాబేజీ, యుద్ధకాలంలో జర్మన్లను తిట్టే మాట. ఫౌస్ట్ అనే బృందం ఏం చేసిందో తెలుసా? 1973లో తమ నాలుగో ఆల్బంలో మొదటి పాటకు ఆ తిట్టునే పేరుగా పెట్టింది.

ఇది చదివినప్పుడు నాకు షేక్ నాజర్ గుర్తొచ్చాడు. బుర్రకథను ఊరూరా మోగించిన మనిషి, 1986లో పద్మశ్రీ అందుకున్న మనిషి. తన ఆత్మకథకు ఆయన పెట్టుకున్న పేరేమిటి? 'పింజారి'. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన దూదేకులాయన, జర్మనీ కుర్రాళ్లు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే దారి లేదు. కానీ తిట్టును లాక్కుని తలపాగా చుట్టుకోవడం ఇద్దరికీ తెలిసింది.

మావాడికి ఆ ఆల్బంలో ఆకాశం వినబడింది. నాకు మాత్రం మా తాత విల్లు వినబడింది.

చూడనివాళ్ల కోసం చెప్తాను. దూది ఏకే విల్లు మనిషంత పొడవుంటుంది. దానికి ఒకే తీగ, నరంతో చేసింది. విల్లును పైనుంచి తాడుతో వేలాడదీసి, తీగను దూదికుప్పలో ముంచి, కొయ్యగుండుతో కొడతారు. తీగ అదురుతుంది. ఆ అదురుకు ఉండలు కట్టిన దూది పోగులు పోగులుగా విడిపోయి పైకి లేస్తుంది. దుమ్ము రాలిపోతుంది. తీగ దూదిలో ఉన్నప్పుడు శబ్దం మందంగా 'ధుమ్' అంటుంది. బయటికి రాగానే 'టుయ్యి' అని సాగుతుంది. ధుమ్, టుయ్యి. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా అదే దరువు. గదంతా తెల్లటి నూగు. తాత కనుబొమల మీద, గడ్డం మీద నూగు. ఆ నూగే ఆయన ఊపిరితిత్తుల్లోనూ చేరింది. దగ్గుతోనే పోయాడు.

ఇప్పుడు ఈ ఆల్బంలోని గిటార్ సంగతి వినండి. ఆ గరుకు శబ్దాన్ని ఇచ్చే చిన్న పెట్టెను 'ఫజ్' అంటారు. ఇంగ్లీషులో ఫజ్ అంటే అర్థం ఏమిటో తెలుసా? నూగు! దాని పుట్టుక కూడా చిత్రమే. నాష్‌విల్ స్టూడియోలో మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డు చేస్తుంటే, పరికరంలో ఏదో చెడి, గిటార్ గొంతు బొంగురుపోయింది. ఆ చెడిన శబ్దాన్ని తీసేయకుండా ఉంచేశారు. 1961లో పాట బయటికొచ్చి జనానికి నచ్చింది. మరుసటి ఏడే గిబ్సన్ కంపెనీ అదే శబ్దాన్నిచ్చే పెట్టెను అమ్మకానికి పెట్టింది. పని సూత్రం తేలిక. తీగ శబ్దాన్ని పరికరం మోయలేనంతగా పెంచితే అలల కొసలు తెగిపోతాయి. నున్నటి స్వరం పోగులు పోగులుగా విచ్చుకుంటుంది. ఏకడమంటే అదే కదా!

మావాడికి ఇదంతా చెప్తే నవ్వాడు. "నీకు అన్నిట్లోనూ మన ఊరే కనబడుతుంది చిన్నాయనా. నేను ఊరు మర్చిపోవడానికి వింటున్నా" అన్నాడు. నాలుగు ఇళ్ల గుమ్మాల దగ్గర ఆగిపోయిన పిల్లవాడికి ఏ పేరూ అక్కరలేని చోటు కావాలనిపించడం తప్పా? కాదు. కానీ ఆ ఆకాశం నిజంగా ఖాళీగా ఉందా?

ఎక్‌స్టాటిక్ విజన్ సంగీతం గురించి మాట్లాడేవాళ్లు హాక్‌విండ్‌తో పాటు చెప్పే పేర్లలో సన్ రా ఒకటి. ఆయన 1914లో అమెరికా దక్షిణాదిన అలబామాలో పుట్టిన నల్లవాడు. నీళ్ల కుళాయి దగ్గర కూడా తెల్లకూ నల్లకూ వేరు చోటున్న కాలం. తల్లిదండ్రులు పెట్టిన పేరు హెర్మన్ బ్లౌంట్. 1952లో చట్టప్రకారం పేరు మార్చుకున్నాడు. నేను ఈ భూమివాణ్ణి కాను, శనిగ్రహం వాణ్ణి అని జీవితమంతా చెప్పుకున్నాడు. 1968 నుంచి తన జాజ్ బృందంతో ఫిలడెల్ఫియాలోనే ఉన్నాడు. 1993లో పోయాడు. మనల్ని ఎవరైనా "శనిగాడా" అంటే కొట్టడానికి పోతాం. ఆయన ఆ గ్రహాన్నే సొంత ఊరు చేసుకున్నాడు. మమ్మల్ని పాకిస్తాన్ పొమ్మనేవాళ్లకు ఎన్నోసార్లు ఎన్నో జవాబులు చెప్పాం. స్వాతంత్య్రోద్యమం చెప్పాం, త్యాగాల జాబితాలు చదివాం. శనిగ్రహం మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆయనది పారిపోవడం కాదు. మీరు నాకు చోటివ్వని భూమి మీద మీ పటం చెల్లదు అని చెప్పడం. ఆయన ఆకాశంలో అలబామా అంతా ఉంది. అందుకే అంటున్నాను, ఆకాశం కూడా ఎవరో ఒకరి ఊరి నుంచే మొదలవుతుంది.

ఈ ఆల్బం గొప్పదని నేను ఊదరగొట్టను. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. హాక్‌విండ్ విన్నవాళ్లకు సగం ఇల్లు తెలిసినట్టే ఉంటుంది. 1970ల శబ్దాన్ని కావాలని, ప్రేమగా మళ్లీ కట్టారు. దాన్ని 'వింటేజ్' అంటారు. నాకు ఇక్కడే మండుతుంది. పాతబడటానికి కూడా హోదా ఉండాలి. వాళ్ల పాత యాంప్లిఫయర్ వింటేజ్. మా తాత విల్లు కట్టెల కింద లెక్క. ఫిలడెల్ఫియా కుర్రాళ్లు లండన్ శబ్దాన్ని, జర్మనీ దరువును, నైజీరియా ఫెలా కుటీ ఊపును తీసుకుంటే ఎవరూ కులధ్రువీకరణ పత్రం అడగలేదు. మేం మాత్రం ఏం విన్నా సంజాయిషీ చెప్పాలి. ఖవాలీ వింటే "మీవాళ్ల పాట". త్యాగరాజ కీర్తన వింటే "అబ్బో, మీరు కూడానా!" గిటార్ వింటే జమాత్ పెద్దాయనకు హరామ్.

ఆ పెద్దాయనకొకటి చెప్పాలనుంది. ఈ ఆల్బం పేరుకు అర్థం ధ్వనితో చేసే స్తుతి. ఎవరి స్తుతో వాళ్లు చెప్పలేదు. కానీ ఒకే మాటను పట్టుకుని, మనసులోని ఉండలు విడిపోయేదాకా మళ్లీ మళ్లీ అనడం మాకు కొత్తా? జిక్ర్ చేసే ఫకీరుకు కొత్తా? ఒంటితీగ మీద తత్వం పాడే బైరాగికి కొత్తా? బ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య దూదేకులవాడే. ఆయన పేరున తత్వాలు ఇప్పటికీ కడప సీమలో పాడుకుంటారు. ఆయన్ని హిందువులు మావాడంటారు, ముస్లింలు తప్పిపోయినవాడంటారు. సిద్దయ్య చేతిలో ఉన్నది మాత్రం ఒకే తీగ.

మా అన్న కొడుక్కి కవాడిగూడలో గది దొరికింది, తన పేరు మీదనే. ఇంటావిడ పేరు అడిగింది, అడ్వాన్సు అడిగింది, అంతే. అట్లాంటి మనుషులూ ఉన్నారు, ఈ మాట రాయకపోతే అన్యాయం. పరీక్ష దరఖాస్తులో 'దూదేకుల' అని నింపుతాడు, గది బయట ఆ మాట ఎత్తడు. అది వాడి ఇష్టం. వాడి మీద ఏ పేరూ రుద్దను. రుద్దించుకుని రుద్దించుకునే మేం ఇట్లా ఉన్నాం.

తాత విల్లు ఊళ్లో మా అన్న ఇంటి అటక మీద ఉంది. కొయ్య చెడలేదు. తీగ ఎప్పుడో తెగిపోయింది. ఆ నరం తీగ చేసేవాళ్లు మా వైపు ఎవరూ మిగల్లేదు. గిటార్ తీగ పట్టుద్దేమో చూద్దామని మావాడే అన్నాడు. పట్టకపోవచ్చు. పట్టినా అది మా తాత శబ్దం కాదు. కాకపోయినా పరవాలేదు. దూది కూడా ఏకిన ప్రతిసారీ కొత్తదే. తీగ అదరడం ముఖ్యం.