హిద్‌లో పడవ పాట

మనామా నుంచి మా స్కూల్ బస్సు సముద్రం మీది వంతెన ఎక్కి హిద్‌కి వస్తుంది. పొద్దున్నే నీళ్ల మీద ఎండ మెరుస్తుంటుంది. దూరంగా పోర్టు క్రేన్లు వరసగా నిలబడి కనిపిస్తాయి. బస్సులో పిల్లలు సగం నిద్రలో ఉంటారు. నేనూ అంతే!

ముహర్రక్ దీవికి ఆగ్నేయం కొసన ఉన్న ఊరు హిద్. ఒకప్పుడు సముద్రంలోకి సాగిన సన్నటి ఇసుక నేల అట. అటు నీళ్లు, ఇటు నీళ్లు, మధ్యలో ఊరు. ఇక్కడి మగవాళ్లు చేపలు పట్టేవాళ్లు, ముత్యాల కోసం మునిగేవాళ్లు. తర్వాత సముద్రాన్ని పూడ్చి నేలని పెంచుకుంటూ పోయారు. 1977లో ఓడలు బాగుచేసే పెద్ద యార్డు వచ్చింది, 2009లో ఖలీఫా బిన్ సల్మాన్ పోర్టు మొదలైంది. పాత సందుల్లో నడుస్తుంటే మాత్రం ఇది సముద్రాన్ని నమ్ముకుని బతికిన ఊరని ఇప్పటికీ తెలుస్తుంది.

ఈ ఊళ్లో నేను రెండో తరగతికి చెబుతాను. మన దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పిన అనుభవం ఉంది కదా, చిన్నపిల్లలు ఎంతలే అనుకున్నాను. మొదటి నెలలోనే నా గర్వం దిగిపోయింది. పాఠం చెప్పడంలో ఇబ్బంది లేదు. ఒక పాఠం అయిపోయి ఇంకోటి మొదలయ్యే లోపలే అంతా తలకిందులయ్యేది.

మన బళ్లలో బెల్లు కొడితే టీచరు గది మారుతుంది, పిల్లలు కూర్చున్న చోటే ఉంటారు. ఇక్కడ పిల్లలే కదలాలి. లెక్కల పుస్తకం మూసి, కథ వినడానికి చాప మీదికి రావాలి. చాప మీంచి లేచి రంగుల బల్ల దగ్గరికి వెళ్లాలి. అక్కడి నుంచి చేతులు కడుక్కుని భోజనానికి లైన్లో నిలబడాలి. ఒకడికి వాటర్ బాటిల్ దొరకదు. ఒకమ్మాయి సగం బొమ్మ వదిలి రానంటుంది. ఇద్దరు తోసుకుంటారు. ఒకరోజు లెక్కేసి చూశాను. రోజుకి ఏడుసార్లు మారతాం, ఒక్కోసారి ఐదు నిమిషాలు పోతున్నాయి. అంటే రోజుకి 35 నిమిషాలు, వారానికి దాదాపు మూడు గంటలు! చప్పట్లు కొట్టాను, అరిచాను, ఆట మానిపిస్తానని బెదిరించాను. గొంతు పోయింది తప్ప లాభం లేదు.

అందరికంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఒక బాబు. కాకినాడ నుంచి కొత్తగా వచ్చాడు. చదువులో చురుకే. కానీ "పుస్తకాలు మూయండి" అనగానే బల్ల కిందికి దూరిపోయేవాడు. బలవంతంగా లాగితే ఏడుపు. మొండితనం అనుకున్నాను. ఒకసారి గట్టిగా కోప్పడ్డాను కూడా. ఆ మాట ఇప్పుడు తలచుకున్నా సిగ్గేస్తుంది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మా అరబిక్ టీచరు నన్ను ఒడ్డుకి తీసుకెళ్లింది. వాళ్ల తాతగారు ముత్యాల పడవల్లో వెళ్లేవారట. వేసవిలో దాదాపు నాలుగు నెలలు సముద్రం మీదే. తాడు పట్టుకునేవాడు ఒకడు పడవలో ఉంటాడు, మునిగేవాడు నీళ్లలోకి దిగుతాడు. కింద ఊపిరి అందనప్పుడు తాడు కదిపితే పైనున్నవాడు లాగెయ్యాలి. ఇక పడవలో నహ్హామ్ అని ఒక పాటగాడు ఉండేవాడట. అతని పని పాడడమే. తెరచాప ఎత్తడానికి ఒక పాట, తెడ్లు వెయ్యడానికి ఒక పాట, లంగరు లాగడానికి ఇంకో పాట. పాట మారిందంటే పని మారిందని అందరికీ తెలిసేది. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన బహ్రెయిన్ ఫిజిరీ సంగీతం ఈ ముత్యాల వాళ్లదే.

వింటుంటే నాకు మా అమ్మమ్మ ఊళ్లో వరినాట్లు గుర్తొచ్చాయి. ఒకామె ఎత్తుకుంటే మిగతా వాళ్లు అందుకునేవాళ్లు. వంగిన నడుములు ఒక్కసారే కదిలేవి. "నడవండి, తొందరగా" అని అక్కడ ఎవరూ అరవలేదు.

మర్నాడు నాట్లలో విన్న ఒక వరస తీసుకుని మాటలు లేకుండా కూనిరాగంలా పాడాను. మా క్లాసులో బహ్రెయినీ, మలయాళీ, ఫిలిపినో, ఈజిప్టు పిల్లలున్నారు. మాటలు లేవు కాబట్టి అందరూ పట్టేసుకున్నారు. నిమిషంన్నర పాట. అది అయిపోయేలోపు చాప మీద ఉండాలి. అంతకు ఐదు నిమిషాల ముందు "ఇంకో రెండు లెక్కలు చేసి ఆపేద్దాం" అని మెల్లగా చెబుతాను. ఒకేసారి నాలుగు పనులు చెప్పను. ముందు పెన్సిలు పెట్టెలోకి, తర్వాత పుస్తకం సంచిలోకి, ఆ తర్వాతే లేవడం. అవతలి చోట పని ముందే సిద్ధంగా ఉంచుతాను, ఎందుకంటే ఊరికే కూర్చుంటేనే గొడవ మొదలవుతుంది. బొమ్మ పూర్తికాని వాళ్లకి "తర్వాత" అనే పెట్టె పెట్టాను. వారంపాటు పాఠం పక్కన పెట్టి, ఈ కదలడమే ఆటలా సాధన చేయించాను. ఆ వారం దండగ కాలేదు.

ఆ రోజు చెయ్యబోయే పనులన్నీ బొమ్మల కార్డులుగా గోడకి తగిలించాను. అయిపోయిన పని కార్డు తిప్పే ఉద్యోగం ఆ బాబుకి ఇచ్చాను. మొదటిరోజు కార్డుల ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత తెలుగులో మెల్లగా అన్నాడు: "టీచర్, తర్వాత ఏమవుతుందో ఇందులో ముందే ఉంది. మేం ఇక్కడికి వచ్చేటప్పుడు నాకెవరూ చెప్పలేదు. నిద్రలేచేసరికి ఎయిర్‌పోర్టులో ఉన్నాం."

వాళ్లమ్మని అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంది. "చెబితే నానమ్మని వదలనని ఏడుస్తాడని చెప్పలేదండీ" అంది. ఆమెని తప్పుపట్టలేకపోయాను. నేను మాత్రం మా అమ్మాయికి ఎప్పుడు చెప్పాను? సామాన్లు సర్దేశాక!

మనం దేశాలు మారుతూనే ఉంటాం. ఉద్యోగం, వీసా, ఇల్లు అన్నీ ముందే ఆలోచిస్తాం. పిల్లలకి మాత్రం ఆఖరి నిమిషంలో చెబుతాం. ముందు చెబితే ఏడుస్తారు, నిజమే. చెప్పకపోతే ఆ ఏడుపు బల్ల కిందికి పోతుంది.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. రంజాన్‌లో స్కూలు వేళలు మారితే క్లాసు మళ్లీ గందరగోళం. దుమ్ము లేచిన రోజున బయట ఆట లేకపోతే పాటకీ లొంగరు. అయినా ఇప్పుడు ఏడు మార్పులకీ కలిపి పదిహేను నిమిషాలు చాలు.

ఈ వేసవిలో ఆ బాబు వాళ్ల నాన్నకి సౌదీలో ఉద్యోగం వచ్చింది. ఈసారి వాళ్లమ్మ నెల ముందే చెప్పింది. రెండు రోజులు ఏడ్చాడట. మూడో రోజు వచ్చి ఒక ఖాళీ కార్డు అడిగాడు. వంతెన, దాని మీద కారు, కారులో ముగ్గురిని గీశాడు. ఆ కార్డుని గోడమీద ఆఖర్న తనే తగిలించాడు.